మొదటి మజిలీని ఎంచుకునే ముందు

ఈ నెల మా సంపాదక కార్యాలయానికి చేరిన ఉత్తరాలలో ఒకటి తక్కిన వాటికి భిన్నమైనది. అందులో నిలిచిపోయిన ఇంక్రిమెంటు గురించి గాని, కురుస్తున్న క్వార్టరు గురించి గాని, అన్యాయపు బదిలీ గురించి గాని ఒక్క మాట లేదు. రైల్వే మెయిల్ సర్వీసులో సార్టరుగా ముప్పై యేళ్ళకు పైబడి పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక సోదరుడు తన కుమార్తెను గురించి వ్రాశారు. ఆమె ఇక్కడ నర్సింగు చదివి, ఇక్కడి ఆసుపత్రులలో కొన్నేళ్ళు పనిచేసి, అమెరికా వెళ్ళినది. ఏజెన్సీకి వ్రాసి ఇచ్చిన మూడేళ్ళ ఒప్పందాన్ని టెక్సస్ రాష్ట్రంలో ఒకే ఆసుపత్రిలో పూర్తి చేసినది. ఇప్పుడు ట్రావెల్ నర్సుగా, అనగా ఊరు మారుతూ కొద్ది నెలలకొకచోట పనిచేసే నర్సుగా, మొదటి ఒప్పందానికి సిద్ధపడుతున్నది. ఆమె ముందు మూడు ఊళ్ళు ఉన్నవి. "నీవు జీవితమంతా మెయిల్ వ్యానులో తిరిగినవాడివి గదా నాన్నా, ఎక్కడికి వెళ్ళమంటావు అని అడుగుతున్నది. నేనేమి చెప్పను? యూనియన్ ఏమంటుంది?" అని ఆయన ప్రశ్న.

ఇది ఒక కుటుంబపు సొంత వ్యవహారమనీ, సమాఖ్య పత్రికకు దీనితో పని లేదనీ కొందరు మిత్రులు అనవచ్చు. మేము అట్లా భావించడం లేదు. మన కార్మికుల ఇళ్ళలో నర్సింగు చదివిన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. రైల్వే ఆసుపత్రులలో పనిచేసే నర్సులు మన తోటి ఉద్యోగులు. అన్నింటికీ మించి, ఒక ఖాళీలోకి ఎవరు వెళ్ళాలి, ఏ షరతులపై వెళ్ళాలి, ఎవరి స్థానంలో వెళ్ళాలి అనేవి కార్మికోద్యమం పుట్టిన నాటి నుండి దాని ముందు ఉన్న ప్రశ్నలే. అవి అమెరికాలో ఎదురైనంత మాత్రాన మనకు పరాయివి కావు.

ఈ పని స్వభావం మన పాఠకులకు తెలియనిది కాదు. స్టేషన్ మాస్టరు సెలవుపై వెళితే రిలీవింగ్ స్టేషన్ మాస్టరు పెట్టె సర్దుకొని తెలియని స్టేషనుకు వెళతాడు. పోస్టాఫీసులో లీవ్ రిజర్వు గుమాస్తా నేడు ఈ బల్ల దగ్గర, రేపు మరో ఆఫీసులో కూర్చుంటాడు. ట్రావెల్ నర్సు కూడా అట్టి మనిషే. ఒప్పందం సాధారణంగా 13 వారాలు. వారానికి పన్నెండేసి గంటల షిఫ్టులు మూడు, మొత్తం 36 గంటలు. కొత్త ఆసుపత్రిలో పని తెలుసుకోవడానికి ఇచ్చే వ్యవధి ఒకటి రెండు రోజులకు మించడం అరుదు. ఆ తరువాత అక్కడ పదేళ్ళుగా ఉన్న నర్సుతో సమానంగా రోగుల బాధ్యతను మోయవలసినదే.

అయితే పోలిక అంతవరకే. మన రిలీవింగ్ స్టేషన్ మాస్టరుకు సర్వీసు పుస్తకం ఉన్నది, సీనియారిటీ ఉన్నది, ప్రయాణ భత్యానికి నిబంధన ఉన్నది, అన్యాయం జరిగితే తలుపు తట్టడానికి యూనియన్ శాఖ ఉన్నది. ట్రావెల్ నర్సుకు జీతమిచ్చేది ఏజెన్సీ, పని చెప్పేది ఆసుపత్రి. అక్కడి నర్సులకు యూనియన్ ఉన్నప్పటికీ, సాధారణంగా ఆమె దాని ఒప్పందం పరిధిలోకి రాదు. ఆమెకు రక్షణ అంటూ ఉంటే అది సంతకానికి ముందు ఆమె అడిగిన ప్రశ్నలలోనే ఉన్నది. కావున ఊరు ఎంపిక విహారయాత్రకు ఊరు ఎంచుకోవడం వంటిది కాదు.

ముందుగా ఒక భ్రమను తొలగించవలసి ఉన్నది. ఇక్కడి నుండి నేరుగా అమెరికా వెళ్ళి 13 వారాల ఒప్పందాలలో చేరవచ్చునని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఎన్‌క్లెక్స్ పరీక్ష ఉత్తీర్ణత, చదువు పత్రాల పరిశీలన, వలస వీసా, ఇవన్నీ ముందు కావాలి. భారతీయులకు ఆ వీసా వరుస సంవత్సరాల తరబడి సాగుతున్నది. వెళ్ళినవారిలో అధికులు మొదట రెండు మూడేళ్ళ ఒప్పందంతో ఒకేచోట కట్టుబడి పనిచేస్తారు. మధ్యలో మానివేస్తే పరిహారం చెల్లించాలనే షరతు ఆ ఒప్పందాలలో తరచుగా ఉంటుంది. మన సోదరుని కుమార్తె ఆ దశ దాటినది, శాశ్వత నివాస హక్కు పొందినది. ఆమె అనుభవం గట్టిదే. అయినా, తెలియని చోట మొదటిసారి ఒంటరిగా నిలబడడం వేరు.

ఆమెకు వచ్చిన అవకాశాలు ఇవి. ఒకటి, పొరుగు రాష్ట్రమైన ఓక్లహోమాలో ఒక మధ్యరకం పట్టణం, కారులో కొన్ని గంటల ప్రయాణం, జీతం సాధారణం. రెండు, కాలిఫోర్నియా, జీతం ఎక్కువ, అద్దె అంతకంటె ఎక్కువ. మూడు, తూర్పు తీరంలో ఒక నగరం. జీతం మొదటిదానికి దాదాపు రెట్టింపు. విమాన ఖర్చులు, బస వారివే. గడువు మాత్రం ఒకటి రెండు వారాలు. బయలుదేరే తేదీ తరువాత తెలుపుతారట. ఆసుపత్రి పేరు కూడా అప్పుడే చెబుతారట. మూడవదానివైపు ఆమె మనసు మొగ్గుతున్నదని తండ్రి వ్రాశారు. ఇంటి అప్పు ఇంకా మిగిలి ఉన్నదని కూడా వ్రాశారు.

అడగవలసిన మొదటి ప్రశ్న లైసెన్సు గురించి. అమెరికాలో నర్సు లైసెన్సు రాష్ట్రానిది, దేశానిది కాదు. ఈ ఇబ్బందిని తగ్గించడానికి 2000 సంవత్సరంలో కొన్ని రాష్ట్రాలు ఒక ఒడంబడిక చేసుకున్నవి. నేడు అందులో 40కి పైగా రాష్ట్రాలు ఉన్నవి. ఆ రాష్ట్రాలలో ఒకదానిలో స్థిరనివాసం ఉన్న నర్సు అర్హత కలిగితే ఒకే లైసెన్సుతో తక్కిన వాటిలోనూ పనిచేయవచ్చు. టెక్సస్ మొదటి నుండి అందులో ఉన్నది, ఓక్లహోమా తరువాత చేరినది. కాలిఫోర్నియా, న్యూయార్కు ఇంకా చేరలేదు. అక్కడికి వెళ్ళదలచిన వారు వేరుగా దరఖాస్తు చేసుకొని వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు వేచి ఉండవలసి వస్తుంది. లైసెన్సు చేతికి రాకముందే పాత ఉద్యోగం వదులుకోవడం, రిలీవింగ్ ఉత్తర్వు అందకముందే క్వార్టరు ఖాళీ చేయడం వంటిది.

రెండవ ప్రశ్న రోగుల సంఖ్య. రాత్రి షిఫ్టులో ఒక నర్సుకు ఎందరు రోగులు? ఆమె శరీరం ఎంత అలసిపోతుందో, ఆమె చేతిలో ఎంత పొరపాటు జరగవచ్చో దీనిపైనే ఆధారపడి ఉంటుంది. ఈ విషయంలో కాలిఫోర్నియాకు ఒక ప్రత్యేకత ఉన్నది. నర్సుల సంఘం ఏళ్ళ తరబడి పోరాడగా 1999లో ఆ రాష్ట్రం చట్టం చేసినది. 2004 నుండి అది అమలులోకి వచ్చినది. ఇంటెన్సివ్ కేర్‌లో ఒక నర్సుకు ఇద్దరు రోగులకు మించరాదు. సాధారణ వైద్య, శస్త్రచికిత్స వార్డులలో అయిదుగురికి మించరాదు. భోజన విరామంలో సైతం ఈ నిష్పత్తి నిలవాలి. చాలా రాష్ట్రాలలో ఇట్టి చట్టపరమైన పరిమితి లేదు. అక్కడ వార్డు మేనేజరు చెప్పే మాటే ప్రమాణం. కావున ఫోనులో మాట్లాడేటప్పుడే సంఖ్య అడగాలి. "అవసరాన్ని బట్టి" అనే జవాబు వస్తే, ఆ అవసరం ఎవరిదో మన గ్యాంగ్‌మన్ కూడా చెప్పగలడు.

అట్లే ఏ వార్డుకైనా పంపే అధికారం ఆసుపత్రికి ఉన్నదా అని అడగాలి. పిల్లల వార్డులో ఎన్నడూ పనిచేయని నర్సును అక్కడికి పంపితే ప్రమాదం రోగికీ, లైసెన్సు ముప్పు నర్సుకూ. మొదటి మజిలీ తాను ఇంతవరకు చేసిన పని వంటి పని, తాను ఎరిగినంతటి ఆసుపత్రి అయితే మేలు.

మూడవ ప్రశ్న డబ్బు గురించి. ఇక్కడ మన పాఠకుల అనుభవం ఎంతో ఉపయోగపడుతుంది. మూలవేతనం తగ్గించి అలవెన్సులు పెంచి చూపితే మొత్తం అంకె పెద్దదిగా కనిపిస్తుందనీ, పెన్షను లెక్క వచ్చిన రోజున అసలు సంగతి బయటపడుతుందనీ మనకు తెలుసు. ట్రావెల్ నర్సుకు ఇచ్చే వారపు మొత్తంలో గంట జీతం తక్కువ, వసతి భోజన భత్యాలు ఎక్కువ. భత్యంపై పన్ను లేదన్నది ఆకర్షణ. కాని ఆ మినహాయింపు ఊరకే రాదు. ఆమెకు నిజమైన సొంత నివాసం మరొకచోట ఉండాలి, దాని ఖర్చును ఆమె భరిస్తూ ఉండాలి. అది లేకుండా తిరుగుతున్న వారికి ఆ భత్యం కూడా పన్ను కట్టవలసిన ఆదాయమే. ఒకేచోట ఏడాదికి మించి పనిచేసే పరిస్థితి ఉన్నా అంతే. యాభై మైళ్ళ దూరం ఉంటే చాలునని ఏజెన్సీ ప్రతినిధులు చెప్పే మాటకు అక్కడి పన్ను చట్టంలో ఆధారం లేదు. పైగా వృద్ధాప్యంలో వచ్చే సోషల్ సెక్యూరిటీ పెన్షనును లెక్కించేది పన్ను పడే జీతం మీదనే.

అంకె పెద్దదైన ఊరిలో అద్దె ఎంతో కూడా చూడాలి. బోస్టను, శాన్‌ఫ్రాన్సిస్కో వంటి నగరాలలో మూడు నెలలకు ఇల్లు దొరకడమే కష్టం. శీతకాలంలో ఫ్లోరిడా, అరిజోనా వంటి వెచ్చని చోట్లకు ఉత్తరాది నుండి వృద్ధులు తరలివస్తారు. ఆసుపత్రులలో పనీ పెరుగుతుంది, ఇంటి అద్దే పెరుగుతుంది. 2020 నుండి రెండేళ్ళపాటు కోవిడ్ కాలంలో ట్రావెల్ నర్సుల జీతాలు ఆకాశానికి ఎగసినవి, తరువాత దిగివచ్చినవి. ఆనాటి అంకెలు చూసి నేడు లెక్కలు వేసుకోరాదు.

నాలుగవది ఒప్పందం రద్దు. రోగులు తగ్గినారని షిఫ్టు రద్దు చేస్తే ఆ రోజు జీతం ఇస్తారా? వారానికి ఎన్ని గంటలకు హామీ ఉన్నది? ఆసుపత్రి మధ్యలో ఒప్పందం తెంచితే ఇంటి అద్దె ఎవరు భరిస్తారు? ఇవి కాగితం మీద ఉండాలి. నోటి హామీలు ఎంత నిలబడతవో మన చర్చల సంఘాలలో కూర్చున్నవారిని అడిగితే చెబుతారు. మొదటి మజిలీ సొంత కారులో తిరిగి ఇంటికి చేరగల దూరంలో ఉండాలని అనుభవజ్ఞులు చెప్పడంలో ఉన్న వివేకం ఇదే. ఒప్పందం తెగినా మనిషి రోడ్డున పడదు.

ఇక మూడవ అవకాశం. ఈ ఉత్తరంలోని అసలు ప్రశ్న ఇదే అని మేము భావిస్తున్నాము. రెట్టింపు జీతం, రెండు వారాల గడువు, చివరిదాకా చెప్పని పేరు, మారే తేదీ: ఈ నాలుగూ కలిసి వచ్చినప్పుడు దాని అర్థం దాదాపు ఒక్కటే. అక్కడి నర్సులు సమ్మె నోటీసు ఇచ్చినారు. వారి స్థానాలలో నిలబెట్టడానికి మనుషులను సమీకరిస్తున్నారు. ఏజెన్సీల భాషలో దీనికి "జాబ్ యాక్షన్" అని ముద్దుపేరు.

1974 అనగానే ప్రతి రైల్వే కార్మికుని గుండె ఒకసారి కదులుతుంది. ఆ ఏడాది మే 8 నుండి 27 వరకు సాగిన సమ్మెలో వేలమంది జైళ్ళకు వెళ్ళినారు, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, కుటుంబాలు క్వార్టర్ల నుండి వీధులకు ఈడ్వబడినవి. బండ్లు నడపడానికి టెరిటోరియల్ ఆర్మీని దింపినారు. అదే 1974లో అమెరికాలో లాభాపేక్ష లేని ఆసుపత్రుల ఉద్యోగులకు జాతీయ కార్మిక సంబంధాల చట్టం వర్తింపజేస్తూ సవరణ వచ్చినది. 1947 నుండి వారికి ఆ రక్షణ లేకుండెను. ఆ సవరణే ఆసుపత్రిలో సమ్మెకు పది రోజుల ముందు వ్రాతపూర్వక నోటీసు ఇవ్వాలని కూడా విధించినది.

అయితే ఆ దేశపు చట్టంలో మరొక పాత ముల్లు ఉన్నది. అది తంతి ఉద్యోగుల కథ కనుక మన తపాలా సోదరులు తెలుసుకోదగినది. 1935లో మెకే రేడియో టెలిగ్రాఫ్ కంపెనీ ఉద్యోగులు శాన్‌ఫ్రాన్సిస్కోలో సమ్మె చేయగా, యాజమాన్యం ఇతర నగరాల కార్యాలయాల నుండి మనుషులను రప్పించి వారి బల్లల దగ్గర కూర్చోబెట్టినది. సమ్మె ముగిసిన తరువాత వచ్చినవారిలో కొందరు అక్కడే ఉండిపోయినారు, సమ్మె చేసినవారిలో కొందరికి చోటు లేకపోయినది. యూనియన్‌లో చురుకుగా ఉన్నారని ఏరి పక్కన పెట్టడం తప్పని 1938లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పినది. కాని ఆర్థిక కోర్కెలపై సమ్మె చేసేవారి స్థానాలలో శాశ్వతంగా వేరొకరిని నియమించుకునే హక్కు యాజమాన్యానికి ఉన్నదని కూడా అదే తీర్పులో చెప్పినది. దూరపు ఊరి నుండి పెట్టెతో వచ్చి దిగిన మనిషి, తెలిసో తెలియకో, స్థానికుని జీవనోపాధికి ఎదురు నిలిచిన సందర్భం అది.

ఇది పాత కథ మాత్రమే కాదు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ నగరంలో సెయింట్ విన్సెంట్ ఆసుపత్రి నర్సులు 2021 మార్చి 8న సమ్మెకు దిగినారు. వారి ముఖ్యమైన కోర్కె నర్సుల సంఖ్య పెంచాలని. ఆ విషయంపై ఆగస్టులోనే అంగీకారం కుదిరినది. అయినా సమ్మె 2022 జనవరి వరకు, మొత్తం 301 రోజులు సాగినది. కారణమేమి? ఈలోగా వారి స్థానాలలో శాశ్వత నియామకాలు జరిగినవి. సమ్మె చేసినవారు తమ తమ పాత స్థానాలకు, పాత షిఫ్టులకు తిరిగి రావడం ఎట్లా అన్నదే చివరి నెలల తగవు. న్యూజెర్సీలోని న్యూబ్రన్స్‌విక్‌లో 2023 ఆగస్టులో దాదాపు 1,700 మంది నర్సులు బయటికి వచ్చి నాలుగు నెలలు నిలబడినారు. అక్కడ కూడా కోర్కె ఒక్కొక్క నర్సుకు ఇంతమందే రోగులు అనే నియమం. దాన్ని సాధించుకొని డిసెంబరులో లోపలికి వెళ్ళినారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ న్యాయంగా వినదగినది. సమ్మె సమయంలో రోగులను ఎవరు చూడాలి? సిగ్నల్ దగ్గర బండి ఆగినట్లు రోగి ఆగడు గదా? నిజమే. ఈ ప్రశ్నను చులకన చేసేవాడు కార్మికోద్యమ గౌరవాన్ని కాపాడలేడు. కాని పది రోజుల నోటీసు ఉన్నది ఇందుకే. ఆ వ్యవధిలో కొత్త చేరికలు తగ్గించవచ్చు, వాయిదా వేయదగిన శస్త్రచికిత్సలు వాయిదా వేయవచ్చు, రోగులను ఇతర ఆసుపత్రులకు మార్చవచ్చు, చర్చలకు కూర్చోవచ్చు. అయితే రెట్టింపు జీతానికి మనుషులు సులభంగా దొరుకుతారన్న ధీమా ఉన్న యాజమాన్యానికి చర్చల అవసరం తగ్గిపోతుంది. పైగా ఆ నర్సులు అడుగుతున్నది చాలాసార్లు ఆ రోగుల కోసమే. ఒక నర్సు ఎనిమిది మంచాల మధ్య పరుగెత్తుతూ ఉంటే, సమ్మె లేని రోజున కూడా రోగి ఒంటరివాడే.

మరొక మాట కూడా చెప్పవలసి ఉన్నది. అప్పు మెడకు చుట్టుకొని, పేరు చెప్పని ఊరికి తెలియక వెళ్ళిన అమ్మాయిని నిందించడం మా ఉద్దేశం కాదు. మన కోపం ఆ అవసరాన్ని ఆసరా చేసుకునే వ్యాపారం మీద ఉండాలి. తెలియక వెళ్ళడం వేరు, తెలిసి వెళ్ళడం వేరు. తెలియజెప్పడం మన వంతు. ఏజెన్సీని వ్రాతపూర్వకంగా అడగండి: ఈ ఖాళీ ఎందుకు ఏర్పడినది? అక్కడ యూనియన్ ఉన్నదా, దాని ఒప్పందం గడువు ఎప్పుడు ముగుస్తున్నది? నేను పనిచేస్తుండగా సమ్మె వస్తే నా నుండి ఏమి ఆశిస్తున్నారు? ఆ నగరపు వార్తలు ఒక పూట చదివితే సగం జవాబులు అందులోనే దొరుకుతవి.

ఈ ప్రశ్న సముద్రం అవతలిదే అనుకోవద్దు. మన రైల్వే ఆసుపత్రులలో 2020లో కోవిడ్ వచ్చినప్పుడు కాంట్రాక్టు ప్రాతిపదికపై నర్సులను తీసుకున్నారు. తపాలాశాఖలో సెలవుపై వెళ్ళే గ్రామీణ డాక్ సేవకుని బదులు పనిచేసే మనిషికి ఏ హక్కూ లేదు. ప్రతి తాత్కాలిక నియామకం దగ్గరా మనం అడగవలసినది ఆ ప్రశ్ననే: ఈ ఖాళీ ఎందుకు ఏర్పడినది? అనారోగ్యం వల్లనా, ప్రసవ సెలవు వల్లనా, భర్తీ చేయకుండా అట్టిపెట్టినందువల్లనా, లేక ఒక మనిషి హక్కు అడిగినందువల్లనా? తాత్కాలికంగా వచ్చినవారిని శత్రువులుగా చూడక, వారికి కూడా హక్కులు సాధించిపెట్టడమే సంఘం చేయవలసిన పని.

కావున మా సోదరునికి మా జవాబు ఇది. మీ అమ్మాయిని మొదటిసారికి ఓక్లహోమా వెళ్ళమనండి, అయితే ముందు రాత్రి షిఫ్టులో రోగుల సంఖ్య అడిగి, గంటల హామీ కాగితం మీద చూసుకొని, టెక్సస్‌లోని ఇల్లు వదులుకోకుండా. ఈలోగా కాలిఫోర్నియా లైసెన్సుకు దరఖాస్తు పెట్టమనండి. తోటి నర్సులు పోరాడి సాధించిన చట్టం నీడలో పనిచేయడం ఎట్లా ఉంటుందో రెండవ మజిలీలో చూడవచ్చు. మూడవ ఊరికి మాత్రం వద్దనండి. అప్పు కొన్ని నెలలు ఆలస్యంగా తీరవచ్చు. కాని గేటు బయట ఎండలో నిలబడినవారి ముందు నుండి తల వంచుకొని లోపలికి నడిచిన ఉదయం ఎంతకాలమైనా మరుపునకు రాదు. ఆ సంగతి 1974ను చూసిన మన ఇళ్ళలో పెద్దలను అడిగితే చాలు, వారే చెబుతారు.